ప్రభుత్వ యూనివర్సిటీలో కొత్త డిగ్రీ కోర్సుకు అనుమతి: ఫైలు తెరిచిన రోజు నుంచి మొదటి అడ్మిషన్ దాకా

"సిలబస్ రెడీగా ఉంది సార్, ఇక ఎవరికి పంపాలి?" ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఏదో ఒక యూనివర్సిటీ నుంచి నాకు ఈ ఫోన్ వస్తుంది. వేసవిలో అడుగుతున్నారంటేనే ఆ ఏడాదికి బండి వెళ్లిపోయినట్టు. సిలబస్‌తో మొదలుపెట్టారంటే, చివర చేయాల్సిన పని ముందు చేశారన్నమాట.

నేను ఇలాంటి ఫైళ్లు నాలుగు నడిపాను. రెండు ఏడాదిలో బయటపడ్డాయి. ఒకదానికి రెండేళ్లు పట్టింది. నాలుగోది ఇంకా బీరువాలోనే ఉంది. ఆగిన ఫైలు ఒక్కటీ సిలబస్ బాగాలేక ఆగలేదు. టీచర్లు ఎక్కడి నుంచి వస్తారు, డబ్బు ఎవరిస్తారు అన్న చోటో, కాగితాల్లో అంకెలు కలవని చోటో ఆగాయి.

ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల క్యాంపస్‌లో, సొంత కాలేజీల్లో కొత్త బ్యాచిలర్ డిగ్రీ పెట్టాలనుకునే విభాగాల కోసం. అనుబంధ కాలేజీల దారి వేరు. యూనివర్సిటీ ఇప్పటికే ఆమోదించిన కోర్సుల్లోంచి ఒకటి ఎంచుకుని వాళ్లు అఫిలియేషన్‌కు దరఖాస్తు చేసుకోవాలి.

## 1. కలం పట్టే ముందు మూడు ప్రశ్నలు

### 1.1 డిగ్రీ పేరు యూజీసీ జాబితాలో ఉందా?

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చట్టం, 1956లోని 22వ సెక్షన్ ప్రకారం, యూజీసీ గెజిట్‌లో ప్రకటించిన పేర్లతోనే డిగ్రీ ఇవ్వాలి. పేర్లను, కాలవ్యవధిని, ప్రవేశ అర్హతను ఒకచోట చేర్చిన నోటిఫికేషన్ 2014లో వచ్చింది. దాన్ని, ఆ తర్వాతి చేర్పులను ప్రింట్ తీసి ఫైల్లో మొదటి కాగితంగా పెట్టండి.

ఇక్కడ చాలామంది తడబడతారు. బీఎస్సీ అనేది డిగ్రీ, డేటా సైన్స్ అనేది సబ్జెక్టు. సర్టిఫికెట్ మీద "బీఎస్సీ (డేటా సైన్స్)" అని ఉంటే చిక్కు లేదు. "బ్యాచిలర్ ఆఫ్ డేటా సైన్స్" అని కొత్తదనం కోసం పెట్టారంటే అది కొత్త డిగ్రీ పేరవుతుంది. జాబితాలో లేని పేరే కావాలంటే కోర్సు మొదలుపెట్టడానికి ఆరు నెలల ముందే కారణాలతో యూజీసీకి రాసి ఒప్పించుకోవాలి. నా సలహా: ఆ జోలికి పోకండి. పేరు వల్ల సీట్లు నిండిన కోర్సును నేను చూడలేదు. పేరు వల్ల ఉద్యోగ దరఖాస్తు తిరస్కరణకు గురైన పిల్లల్ని మాత్రం చూశాను.

### 1.2 వేరే నియంత్రణ సంస్థ గడప తొక్కాలా?

మామూలు బీఏ, బీకాం, బీఎస్సీలకు అక్కర్లేదు. కింది వాటికి మాత్రం యూనివర్సిటీ ఆమోదం ఒక్కటే సరిపోదు:

- లా: బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా
- బీఫార్మసీ: ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా
- నాలుగేళ్ల బీఏ బీఈడీ, బీఎస్సీ బీఈడీ: ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి)
- ఆర్కిటెక్చర్: కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్
- దూరవిద్య, ఆన్‌లైన్: యూజీసీ దూరవిద్యా విభాగం. క్లాసురూము కోర్సుకు వచ్చిన అనుమతి దీనికి చెల్లదు.

ఇంజినీరింగ్ సంగతి కాస్త మెలికగా ఉంటుంది. యూనివర్సిటీ తన సొంత విభాగంలో సాంకేతిక కోర్సు పెట్టుకోవడానికి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ముందస్తు అనుమతి అక్కర్లేదని 2001లో భారతిదాసన్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఏఐసీటీఈ ప్రమాణాలు పాటించాల్సిందే. అనుబంధ కాలేజీలకు ఈ వెసులుబాటు లేదు. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏలను కూడా ఏఐసీటీఈ తన పరిధిలోకి తెచ్చుకుంది కాబట్టి, ఆ రెండు కోర్సులు పెట్టేవాళ్లు ఏఐసీటీఈ తాజా హ్యాండ్‌బుక్ చదవకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు.

### 1.3 రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా?

దీన్ని దాటేసి "తర్వాత చూద్దాం" అనుకునే ఫైలు కచ్చితంగా వెనక్కి వస్తుంది. రెగ్యులర్ అంటే పోస్టులు కావాలి, పోస్టులంటే ప్రభుత్వ మంజూరు, ఆర్థిక శాఖ సమ్మతి. సెల్ఫ్ ఫైనాన్స్ అంటే ఖర్చంతా ఫీజులోంచే రావాలి. రెండింటికీ మధ్యన, ఉన్న టీచర్లతోనే నడుపుతామంటే, వాళ్లకు ఇప్పుడున్న పని గంటలు చూపించి నిరూపించాలి.

## 2. నాలుగు పేజీల కాన్సెప్ట్ నోట్

నాలుగంటే నాలుగే. నలభై పేజీల నోట్ ఎవరూ చదవరు. వైస్ చాన్సలర్ గారు కారులో వెళ్తూ చదివేలా ఉండాలి. అందులో ఉండాల్సినవి:

- కోర్సు పేరు, కాలవ్యవధి, సీట్లు, ఏ కాలేజీలో, ఏ విద్యా సంవత్సరం నుంచి
- ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లు అర్హులు
- చుట్టుపక్కల ఇలాంటి కోర్సులు ఎన్ని ఉన్నాయి, వాటిలో గత మూడేళ్లలో ఎన్ని సీట్లు నిండాయి
- చదివాక ఏ పీజీకి, ఏ ప్రవేశ పరీక్షకు అర్హత వస్తుంది
- టీచర్లు, గదులు, ల్యాబ్: ఉన్నవి, కావాల్సినవి
- మూడేళ్ల ఖర్చు, రాబడి

నాలుగో అంశం మీద ఒక్క మాట. ఎంసీఏలో చేరడానికి ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలని అడగవచ్చు. మీ కోర్సులోకి బైపీసీ వాళ్లను తీసుకుని, మ్యాథ్స్ పేపర్ పెట్టకుండా "ఎంసీఏకు అవకాశం" అని బ్రోచర్‌లో రాస్తే మూడేళ్ల తర్వాత తల్లిదండ్రులు మీ గది ముందు నిలబడతారు. బీఈడీ, ఎమ్మెస్సీ అర్హతలు కూడా ఇలాగే ముందే సరిచూసుకోండి.

నోట్ రాశాక విభాగంలో సమావేశం పెట్టి, తీర్మానం చేసి, అందరి సంతకాలు తీసుకోండి. పక్క విభాగాల పేపర్లు వాడుకుంటుంటే వాళ్ల సమ్మతి లేఖ కూడా జత చేయండి. మైనర్ (ప్రధాన సబ్జెక్టుకు తోడుగా చదివే) సబ్జెక్టు చెప్పడానికి స్టాటిస్టిక్స్ వాళ్లు ఒప్పుకున్నారని మీరు నోటితో చెబితే చాలదు.

## 3. క్రెడిట్ల లెక్క

2022 డిసెంబర్‌లో వచ్చిన యూజీసీ పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు (పేపర్ బరువును కొలిచే లెక్క, ఒక్కోదానికి ఎన్ని గంటలో 4వ భాగంలో ఉంది), నాలుగేళ్ల ఆనర్స్‌కు కనీసం 160. మూడేళ్లకు పంపకం ఇలా:

- మేజర్ (ప్రధాన సబ్జెక్టు): 60
- మైనర్: 24
- ఇతర శాస్త్రాల పేపర్లు: 9
- భాషలు: 8
- నైపుణ్య పేపర్లు: 9
- విలువ జోడింపు (వాల్యూ యాడెడ్) పేపర్లు: 6 నుంచి 8
- వేసవి ఇంటర్న్‌షిప్: 2 నుంచి 4

మొదటి ఐదూ కలిపితే 110. మిగిలిన 10ని 6+4గానో 8+2గానో సర్దుకోవాలి. నాలుగేళ్లకైతే మేజర్ 80, మైనర్ 32 అవుతాయి, రీసెర్చ్ ఆనర్స్‌కు 12 క్రెడిట్ల ప్రాజెక్టు ఉంటుంది.

ఇవి యూజీసీ చెప్పిన కనీసాలు. వీటి మీద రాష్ట్ర ఉన్నత విద్యామండలి తన చట్రం వేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. తెలంగాణ చట్రం వేరు. ఇవి తరచూ మారుతుంటాయి. అందుకే పాత కోర్సు సిలబస్ తెచ్చి పేర్లు మార్చే పని పెట్టుకోకుండా, మండలి తాజా టెంప్లేట్ తెచ్చుకుని అందులోనే నింపండి.

మధ్యలో మానేసే విద్యార్థికి మొదటి ఏడాది తర్వాత సర్టిఫికెట్, రెండో ఏడాది తర్వాత డిప్లొమా ఇచ్చే ఏర్పాటు ఉంటే, ఆ నిబంధన రెగ్యులేషన్లలో (కోర్సు నియమావళిలో) ఉండాలి. సిలబస్‌లో రాస్తే చెల్లదు.

## 4. పని గంటల లెక్క: ఫైలు నిలిచేదీ పడేదీ ఇక్కడే

థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కు 15 గంటలు, అంటే వారానికి ఒక గంట. ల్యాబ్‌లో ఒక క్రెడిట్ అంటే 30 గంటలు, వారానికి రెండు. ఇది అందరికీ తెలుసు. ఎక్కడ తప్పుతారో ఒక ఉదాహరణతో చూద్దాం.

బీఎస్సీ డేటా సైన్స్, 60 సీట్లు, ఒక సెక్షన్. మేజర్ పేపర్ ఒక్కోటి 4 క్రెడిట్లు: థియరీ 3, ల్యాబ్ 1. కాగితం మీద వారానికి 3+2 = 5 గంటలు. కానీ మీ ల్యాబ్‌లో 30 సిస్టమ్‌లే ఉన్నాయి. 60 మందిని రెండు బ్యాచ్‌లు చేయాలి. ల్యాబ్ 4 గంటలైంది. పేపర్‌కు 5 కాదు, 7 గంటలు.

ఇప్పుడు మూడో ఏడాదికి రండి. అప్పటికి 1, 3, 5 సెమిస్టర్లు ఒకేసారి నడుస్తుంటాయి. వాటిలో మేజర్ పేపర్లు 2, 3, 3 అనుకుందాం, మొత్తం ఎనిమిది. 8×7 = 56 గంటలు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ బోధన వారానికి 16 గంటలు. 56ను 16తో భాగిస్తే మూడున్నర, అంటే నలుగురు కావాలి. బ్యాచ్‌ల సంగతి మరిచిపోయి 5 గంటల లెక్క వేసినవాళ్లకు 40 గంటలే వస్తాయి, ముగ్గురు చాలంటారు. మూడో ఏడాదిలో ఆ నాలుగో మనిషి కోసం గెస్ట్ ఫ్యాకల్టీ ఫైలు పట్టుకుని తిరుగుతుంటారు.

ఏడాదివారీగా కూడా చూపండి:

1. మొదటి ఏడాది: 2 పేపర్లు, 14 గంటలు, ఒక్కరు చాలు
2. రెండో ఏడాది: 5 పేపర్లు, 35 గంటలు, ఇద్దరు, పైన కొద్దిగా గెస్ట్ గంటలు
3. మూడో ఏడాది: 8 పేపర్లు, 56 గంటలు, నలుగురు

"నలుగురు కావాలి" అంటే భయపడే అధికారి, "ఈ ఏడాది ఒక్కరు చాలు" అంటే చదవడం మొదలుపెడతాడు. అయితే మూడో ఏడాది అంకెను దాచకండి. దాచినా ఫైనాన్స్ ఆఫీసర్ పట్టేస్తారు, ఆ తర్వాత మీ మిగతా అంకెల్నీ నమ్మరు.

## 5. డబ్బు లెక్క

60 సీట్లకు 60 నిండుతాయని వేసిన బడ్జెట్‌కు విలువ లేదు. మూడు వరుసలు వేయండి: 60 మంది చేరితే, 40 మంది చేరితే, 25 మందే చేరితే. ఎంతమంది దగ్గర ఖర్చు, రాబడి సమానమవుతాయో ఆ అంకె కింద గీత గీసి చూపండి. అంతకన్నా తక్కువ మంది చేరితే ఏం చేస్తారో కూడా ఒక వాక్యం రాయండి.

ఖర్చులో ఎక్కువగా మరిచిపోయేవి: సిస్టమ్‌ల నిర్వహణ, పరీక్షల ఖర్చు, లైబ్రరీ, కరెంటు, ఇంటర్న్‌షిప్ పర్యవేక్షణ. రాబడిలో మరిచిపోయేది ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యం. ఫీజు పేరుకు వస్తుంది, చేతికి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మొదటి ఏడాది జీతాలకు యూనివర్సిటీ సొంత నిధుల నుంచి అడ్వాన్స్ కావాలని ముందే అడగండి.

## 6. బోర్డ్ ఆఫ్ స్టడీస్

ఇప్పుడు సిలబస్. దాన్ని పరిశీలించే కమిటీయే బోర్డ్ ఆఫ్ స్టడీస్ (బీఓఎస్). దాని చైర్‌పర్సన్‌తో మాట్లాడి, సమావేశానికి కనీసం రెండు వారాల ముందు బయటి సభ్యులకు ముసాయిదా పంపండి. సమావేశం రోజు చేతికిస్తే వాళ్లు కామాలు దిద్ది టీ తాగి వెళ్లిపోతారు. ముందే పంపితే అసలు లోపాలు చెబుతారు. సంబంధిత పరిశ్రమలో పనిచేసేవాళ్లనూ, ఒక పూర్వ విద్యార్థినీ పిలవండి.

గుర్తుంచుకోవాల్సిందొకటి: బీఓఎస్ సిఫారసు చేస్తుంది, ఆమోదించదు. మినిట్స్‌లో ఈ ఒక్క క్రియాపదం తప్పు పడినా అకడమిక్ సెక్షన్ కొర్రీ రాస్తుంది.

మినిట్స్ ఇంగ్లిష్‌లోనే రాస్తారు కాబట్టి సారం మాత్రమే చెబుతాను. ఇలా రాస్తే పనికిరాదు:

"కొత్త కోర్సుపై చర్చించి అంగీకరించడమైనది."

ఇలా ఉండాలి:

"క్యాంపస్ సైన్స్ కాలేజీలో, ఫలానా విద్యా సంవత్సరం నుంచి, 60 సీట్లతో, సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో, మూడేళ్ల బీఎస్సీ (డేటా సైన్స్) కోర్సు ప్రారంభానికి, అనుబంధం 1లోని రెగ్యులేషన్లు, అనుబంధం 2లోని సిలబస్, అనుబంధం 3లోని ప్రవేశ అర్హతలతో సహా సిఫారసు చేయడమైనది."

రెండేళ్లు పట్టిన నా ఫైలు కథ ఇక్కడిదే. కాన్సెప్ట్ నోట్‌లో 60 సీట్లు అన్నాం. సమావేశంలో ఎవరో "మొదట 40తో మొదలుపెడదాం" అన్నారు, మినిట్స్‌లో 40 పడింది, నోట్ మార్చలేదు. పై కమిటీకి రెండు అంకెలతో వెళ్లింది. బీఓఎస్ మళ్లీ పెట్టి సవరించుకుని రమ్మన్నారు. ఈలోగా చైర్‌పర్సన్ పదవీకాలం అయిపోయింది, కొత్త బీఓఎస్ వేయడానికి నాలుగు నెలలు. అడ్మిషన్లు దాటిపోయాయి. ఒక్క అంకె ఖరీదు ఒక విద్యా సంవత్సరం.

## 7. స్టాండింగ్ కమిటీ, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్

బీఓఎస్ దాటాక ఫైలు డీన్ ద్వారా అకడమిక్ సెనేట్‌కు, లేదా దాని స్టాండింగ్ కమిటీకి వెళ్తుంది. ఇక్కడ చూసేది విద్యాపరమైన సంగతులు: పేరు, క్రెడిట్లు, అర్హత, రెగ్యులేషన్లు.

ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ (ఈసీ)లో చూసేది డబ్బు, పోస్టులు. ఉన్నత విద్యా శాఖ, ఆర్థిక శాఖల కార్యదర్శులు ఈసీలో హోదారీత్యా సభ్యులు. ఈసీకి వెళ్లే ముందు ఫైనాన్స్ కమిటీ సమ్మతి ఫైల్లో ఉంటే సగం టెన్షన్ పోతుంది. అజెండాలో మీ అంశాన్ని ముందే చేర్చమని రిజిస్ట్రార్ కార్యాలయాన్ని అడగండి. చివరి నిమిషంలో టేబుల్ అజెండాగా పెట్టిన కొత్త కోర్సును వాయిదా వేయడం ఎవరికైనా తేలికే.

ఈసీ సమావేశం దరిదాపుల్లో లేకపోతే, ఈసీ తర్వాత ఆమోదిస్తుందన్న షరతుతో వీసీ ముందుగా ఉత్తర్వు ఇస్తుంటారు. అది తప్పు కాదు. అయితే తర్వాతి ఈసీలో దాన్ని ర్యాటిఫై చేయించే పూచీ మీదే. ఎవరో చేయిస్తారనుకుని వదిలేస్తే, మొదటి బ్యాచ్ బయటికి వెళ్లే ఏడాది ఆడిట్ అభ్యంతరం వస్తుంది.

## 8. మండలి, అడ్మిషన్ పోర్టల్

ఈసీ తీర్మానం రాగానే ఉన్నత విద్యామండలికి రిజిస్ట్రార్ ద్వారా ప్రతిపాదన పంపాలి. విభాగాధిపతి నేరుగా రాసిన లేఖ అక్కడ చెల్లదు. పోస్టులు అడుగుతుంటే ప్రభుత్వానికి వేరే ఫైలు. రెండూ ఒకే లేఖలో కలపకండి. పోస్టుల ఫైలు నెమ్మదిగా నడుస్తుంది, దాంతోపాటు కోర్సూ ఆగిపోతుంది.

డిగ్రీ అడ్మిషన్లు తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో మండలి ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతాయి. నోటిఫికేషన్ వచ్చేనాటికి కోర్సు కోడ్, సీట్లు, ఫీజు, మీడియం, అర్హత గ్రూపులు పోర్టల్‌లో ఉండాలి. విద్యార్థి వైపు నుంచి లాగిన్ అయి, బైపీసీ, ఎంపీసీ, సీఈసీ మూడు రకాలుగా వెతికి చూడండి. మీ కోర్సు ఎవరికి కనిపిస్తోందో, ఎవరికి కనిపించడం లేదో అప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాతది స్కాలర్‌షిప్ పోర్టల్. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి. కొత్త కోర్సును ఫీజుతో సహా అక్కడ మ్యాప్ చేయకపోతే పిల్లలు దరఖాస్తు కూడా పెట్టలేరు. అడ్మిషన్ అయ్యాక ఆగస్టులో గుర్తొచ్చే పని ఇది. ఈసీ తీర్మానం చేతికొచ్చిన వారమే మొదలుపెట్టండి.

## 9. వెనక్కి లెక్కపెట్టే క్యాలెండర్

వచ్చే వేసవి అడ్మిషన్లకు:

- జూన్, జూలై: మూడు ప్రశ్నలు, కాన్సెప్ట్ నోట్, విభాగ తీర్మానం
- ఆగస్టు: పని గంటలు, బడ్జెట్
- సెప్టెంబర్, అక్టోబర్: సిలబస్, బీఓఎస్
- నవంబర్, డిసెంబర్: స్టాండింగ్ కమిటీ, ఫైనాన్స్ కమిటీ
- జనవరి: ఈసీ
- ఫిబ్రవరి, మార్చి: మండలి, పోర్టళ్లు

వేరే నియంత్రణ సంస్థ అనుమతి కావాల్సిన కోర్సైతే ఈ క్యాలెండర్ పనిచేయదు. ఆ సంస్థ దరఖాస్తు గడువు చూసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

## 10. కొర్రీలు, జవాబులు

"ఇలాంటి కోర్సు ఇప్పటికే ఉంది కదా?" మేజర్ పేపర్ల పేర్లు రెండు వరుసల్లో పక్కపక్కన పెట్టి చూపండి. సగానికి పైగా కలిస్తే వాళ్లన్నదే నిజం. కొత్త కోర్సు మానుకుని, ఉన్నదాంట్లో మైనర్‌గా పెట్టండి.

"ల్యాబ్ ఎక్కడ?" గది నంబరు, సిస్టమ్‌ల సంఖ్య, ఇప్పుడున్న టైంటేబుల్‌లో ఖాళీ గంటలు రాయండి. "ఏర్పాటు చేస్తాం" అన్న మాట రాయకండి.

"ఫైలు కనిపించడం లేదు." నవ్వకండి, జరుగుతుంది. సంతకాలైన ప్రతి కాగితాన్నీ ఆ రోజే స్కాన్ చేసుకోండి. ఏ సెక్షన్‌కు ఏ తేదీన వెళ్లిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఈ-ఆఫీసు ఉన్నచోట ఫైలు నంబరు రాసుకుంటే చాలు.

"కోర్సు మంచిదే, వచ్చే ఏడాది చూద్దాం." ఇది కొర్రీ కాదు, మర్యాదగా కాదనడం. కారణం రాతపూర్వకంగా అడగండి. రాయకపోతే బడ్జెట్ పేజీ మళ్లీ తీసి చూడండి, తొంభై శాతం అక్కడే ఉంటుంది.

## 11. ఈసీకి వెళ్లే ముందు రోజు చూసుకోవాల్సిన జాబితా

- కోర్సు పేరు అన్ని కాగితాల్లో అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉందా?
- సీట్ల సంఖ్య నోట్‌లో, మినిట్స్‌లో, బడ్జెట్‌లో ఒకటేనా?
- యూజీసీ నోటిఫికేషన్‌లో డిగ్రీ పేరున్న పేజీ జత చేశారా?
- బీఓఎస్ హాజరు పట్టీలో బయటి సభ్యుల సంతకాలున్నాయా?
- ఫైనాన్స్ కమిటీ సమ్మతి ఉందా?
- పక్క విభాగాల సమ్మతి లేఖలు ఉన్నాయా?
- ఏ విద్యా సంవత్సరం నుంచో తీర్మానం ముసాయిదాలో స్పష్టంగా ఉందా?
- పరీక్షల విభాగానికి కాపీ వెళ్లిందా? మొదటి సెమిస్టర్ పేపర్ కోడ్‌లు ఇవ్వాల్సింది వాళ్లే. వాళ్లకు చెప్పకపోతే నవంబర్‌లో హాల్ టికెట్లు రావు.